ఊదా వరస

6,902వ రోజు

నీళ్ళ వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు. ఆవిరైపోయిన దానికి బదులు ముప్పావు లీటరు మంచినీళ్ళు పోశాను. పగడం సగం నోళ్ళు మూసుకునే ఉంది.

బోర్డు దీపంలో ఇంకో వరస ఆరిపోయింది. నాలుగు వరసల్లో ఇది మూడోది. కొత్త దీపం కావాలని పెట్టిన అర్జీకి ఇవాళ జవాబొచ్చింది. డెబ్బై అయిదు దాటిన వారికి కొత్త దీపాలు ఇవ్వరట. కింద సంతకం, చిట్టెడి గవర్రాజు, అధ్యక్షుడు, పగడాల బోర్డు. నాకు డెబ్బై ఎనిమిది. వాడికి డెబ్బై నాలుగు. హద్దు సరిగ్గా డెబ్బై అయిదు దగ్గర ఎలా పడిందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

తర్వాత ఈ పుస్తకం చదవబోయేవాళ్ళ కోసం ఒక మాట. సముద్రం వేడెక్కాక ఇంటింటా పెంచే పగడాలకి ఇలాంటి దినచర్య ఉండాలన్నది బోర్డు నియమం. పేజీలకి అంకెలుంటాయి, కుట్టు ఉంటుంది. చింపకూడదు, దిద్దకూడదు. తొట్టి చేతులు మారితే పుస్తకం దానితోపాటే వెళ్తుంది. కొత్తగా తీసుకున్నవాళ్ళు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి సంతకం పెట్టాకే స్విచ్ ముట్టుకోవాలి. మంచి నియమమే. దాన్ని పెట్టించింది నా భార్య హైమ. మొదటి నాలుగు వేల పైచిలుకు రోజులూ ఆమె చేతిరాతే. ఆమె పోయాక నాది.

తొట్టి నలభై లీటర్లు. పగడం చాయ్ సాసరంత. ఈ జాతిది ఇంకొక్క ముక్కే ఉంది. అది ఇదే పగడంలో సగం. జంట ఇల్లు అనే పద్ధతిలో, ఒకచోట పోతే రెండోచోటి నుంచి తెచ్చుకోవచ్చని, హైమే రంపంతో కోసి ఇచ్చింది. ఆ జంట ఇల్లు గవర్రాజుది.

బోర్డు ఇచ్చే దీపాన్ని అందరూ గవర్రాజు దీపం అంటారు. దాని లెక్క నాది. నీలం ఎంత, తెలుపు ఎంత, ఏ ఎత్తున, ఎన్ని గంటలు అన్నదంతా నా నోటుబుక్కులోంచి వాడు ఎత్తి రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళయింది. మర్చిపొమ్మన్నవాళ్ళందరూ నాకంటే ముందే పోయారు.

రేపటి నుంచి నా దీపం నేనే కట్టుకుంటాను.

6,905వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు. నోళ్ళు మూడొంతులు మూసుకున్నాయి.

మా ఎగువపేటలో పనికొచ్చే ఎల్‌ఈడీలు దొరకవు. దుకాణాల బోర్డుల్లోని తెల్లవి ఉంటాయిగానీ, వాటి కింద నాచు తప్ప ఇంకేమీ బతకదు. పడవ మాట్లాడుకుని మునిగిన పాత ఊరికి వెళ్ళాను. నీళ్ళపైన మిగిలిన ఆస్పత్రి మూడో అంతస్తులో, పచ్చకామెర్లతో పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టే నీలం దీపాలు రెండు దొరికాయి. నాకు కావలసిన నీలం అదే. పక్క వీధిలో మేడమీద బ్యూటీ పార్లర్ ఉండేది. అక్కడ గోళ్ళరంగు ఆరబెట్టే డబ్బాలు నాలుగు. వాటిలో ఊదా ఎల్‌ఈడీలు.

పడవ నడిపేది పైడయ్య. సంచిలోకి చూశాడు.

"ఈ వయసులో గోళ్ళకి రంగేటి తాతా?"

"నీ పెళ్ళానికి పంపిస్తాలే."

"అది నాకు తెడ్డుతో ఏస్తాది రంగు."

వాడికి ఇరవై పళ్ళు కూడా లేవు, కానీ నవ్వు ఆగదు. తిరుగుదారిలో కిటికీ ఫ్రేములోంచి ఒక అల్యూమినియం పట్టీ ఊడదీసుకున్నాను. ఎల్‌ఈడీల వేడి పీల్చుకోవడానికి అది చాలు.

6,912వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై నాలుగున్నర, ఉదయం సరిచేశాను.

పట్టీని ఉప్పుకాగితంతో అద్దంలా రుద్దాను. ఎల్‌ఈడీ అడుగుకీ పట్టీకీ మధ్య వెంట్రుకంత సందున్నా వేడి దిగదు, చిప్ మాడిపోతుంది. ఆ సందు పూడ్చే థర్మల్ పేస్ట్ బియ్యపుగింజంత చాలు. ఎక్కువ పూస్తే మంచిదనుకునేవాళ్ళు అన్నం మీద నెయ్యికీ దీనికీ తేడా తెలియనివాళ్ళు. నీలం పన్నెండు, తెలుపు నాలుగు, ఊదా ఆరు. మూడు రంగులకి కరెంటు అందించే మూడు డ్రైవర్లు, మూడింటికీ కలిపి వెలుగు పెంచి తగ్గించే ఒక డిమ్మర్. ఉప్పు తుంపర తగలకుండా కింద గాజుపలక, పైన కంప్యూటర్ ఫ్యాను.

ఒక చిప్‌కి ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి కాల్చేశాను. టంకం చుక్క పెట్టి, సోల్డరింగ్ ఐరన్ తీసేటప్పుడు ఎడమకి ఒక విసురు విసరడం నాకు కుర్రతనం నుంచీ అలవాటు. చుక్కకి చిన్న తోకలాంటిది మిగులుతుంది. ప్రయోగశాలలో గవర్రాజు నా పక్క బల్ల మీద కూర్చుని దాన్ని చూసి నవ్వేవాడు.

ఊదా గురించి చెప్పాలి. బోర్డు దీపంలో ఊదా లేదు. వాడు ఎత్తుకుపోయింది నా మొదటి నోటుబుక్కు. రెండోది ఆ తర్వాత రాసింది. ఊదా వరస లేకపోతే పగడం బతుకుతుంది, రంగు కూడా నిలుస్తుంది, కానీ లోపల్లోపల పస్తుంటుంది. నాజూకు జాతులు ఎనిమిదేళ్ళకి పోతాయి, మొండివి ఇరవై ఏళ్ళకి. ఇది తేలేనాటికి వాడి దీపం మూడువందల ఇళ్ళల్లో వెలుగుతోంది. వాడికి శాలువాలు కప్పుతున్నారు.

రెండో నోటుబుక్కు ఎవరికీ చూపించలేదు. బోర్డుకి చెబితే ఊదా వరస పెట్టుకుంటారు, వాడి దీపానికి ఉన్న ఒక్క లోపమూ పోతుంది. లోపం ఉండనిచ్చాను.

6,919వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు.

దీపం తగిలించాను. డిమ్మర్ ఇరవై దగ్గర పెట్టాను. ఇరవై అంటే నూటికి ఇరవై.

మసక వెలుతురుకి అలవాటు పడ్డ పగడాన్ని ఒక్కసారి పెద్ద వెలుగులో పెడితే, దాని ఒంట్లో ఉండి అన్నం వండిపెట్టే నాచే విషం కక్కుతుంది. పగడం ఆ నాచుని బయటికి గెంటేసి తెల్లబడిపోతుంది. ఆ తర్వాత తిండి లేక పోతుంది. అందుకే ఇరవైతో మొదలుపెట్టి వారానికి అయిదు చొప్పున పెంచాలి. ఇందులో తెలివేమీ లేదు, ఓపికే. పస్తున్నవాడికి ముందు గంజి తాగిస్తారుగానీ విందు వడ్డించరు.

ఈ సంగతి బోర్డు ఇళ్ళవాళ్ళకి తెలియదు. వాళ్ళ దీపాలకి డిమ్మర్ లేదు. సీలు వేసి ఇస్తారు, విప్పితే నేరం.

6,948వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు. డిమ్మర్ నలభై. పందొమ్మిదేళ్ళలో ఎప్పుడూ లేనంత విప్పారింది. అంచు చుట్టూ కొత్త ఎదుగుదల, గోరంచు మందాన.

పాత సంపుటం తీసి 2,931వ రోజు చదివాను. ఆనాడు మా తొట్టిలో ఇంకో పగడం ఉండేది, నక్షత్రాల్లాంటి గుంటలున్నది. హైమకి ప్రాణం. ఎనిమిదేళ్ళు నిండగానే నాలుగు రోజుల్లో పోయింది. ఆమె ఇలా రాసుకుంది: "తప్పు నాది. ఉప్పు కలపడంలో పొరపాటు జరిగి ఉంటుంది."

ఆ వారమంతా ఉప్పు తూచే చెంచాని మళ్ళీ మళ్ళీ తూచి చూసింది. నేను ఎదురుగా కూర్చుని పేపరు చదువుతూ ఉండిపోయాను. పగడం ఎందుకు పోయిందో నాకు తెలుసు. చెప్పి ఉంటే ఆమె ఆ సాయంత్రమే బోర్డుకి పరిగెత్తేది. ఆమెకి మనుషుల మీద పగ నిలవదు. అందుకే చెప్పలేదు. ఆ తర్వాత పోయేదాకా ఆమె ఉప్పు తూచకుండా నీళ్ళు ముట్టుకోలేదు, ఒక్కోసారి నాలుగుసార్లు తూచేది.

6,990వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు. డిమ్మర్ డెబ్బై. ఇక పెంచక్కర్లేదు.

నూకరత్నం వచ్చింది. గవర్రాజు కూతురు. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, వాళ్ళింటి తొట్టి చూసేది ఈమే. పగడం కొయ్యడం హైమ దగ్గరే నేర్చుకుంది, బోర్డు కేంద్రంలో ఇప్పుడు చేసేదీ ఆ పనే. హైమ పోయినప్పుడు ఏడ్చినవాళ్ళలో ఈమె ఏడుపు ఒక్కటే నిజమని నాకనిపించింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. తొట్టిలో పగడం ఆకుపచ్చగా నిప్పులా వెలుగుతోంది.

"ఏటి మావయ్యా ఇది? మనదేనా?"

"మనది కాదు. నాది."

"నీదేలే. నేనెత్తుకుపోను." తొట్టి ముందు కూలబడింది. "నాది సన్నగిల్లిపోతంది. ఎముక కనిపిస్తంది ఒకపక్క. నాన్న చూసి ఏం పర్లేదు, శీతాకాలం అంటాడు."

"మీ నాన్న ఎప్పుడూ వాతావరణం మీదే తోస్తాడు."

"ఆ దెబ్బలాటలు మీరూ మీరూ చూసుకోండి. నాకొకటి కట్టిపెట్టవా?"

"బోర్డు దీపం తీసేస్తే నేరం కదే. అధ్యక్షుడి ఇంట్లోనే?"

"నాన్నకి చెప్పను. ఆ గదిలోకి ఆయన నెలకోసారి వస్తే గొప్ప." తొట్టి గాజు మీద వేలు ఆనించింది. "అత్త ఉంటే అడిగేదాన్ని కాదు. తనే కట్టించేది నీచేత."

సరే అన్నాను. పదిరోజుల్లో ఇస్తానన్నాను.

7,003వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు.

ఇవాళ్టిది నేను పోయాక చదువుతారు. చదవాలనే రాస్తున్నాను.

రెండో దీపం మొదటిదానికంటే బాగా వచ్చింది. నీలం, తెలుపు, ఊదా, అన్నీ లెక్క ప్రకారం. ఏ లోపమూ పెట్టలేదు. అల్యూమినియం అంచులు కూడా అరగదీశాను, ఆ పిల్ల చెయ్యి కోసుకోకుండా.

నూకరత్నం బుట్టలో పాతచీర పరిచి తీసుకెళ్ళడానికి వచ్చింది. డిమ్మర్ తిప్పి చూసింది.

"ఎంతలో పెట్టాలి మావయ్యా?"

"నాది చూస్తున్నావు కదా. డెబ్బై."

"నాదీ అంతే పెట్టనా?"

"నీది ఆకలి మీదుంది. నూరు పెట్టు."

"నూరా? మాడిపోదూ?"

"ఇన్నేళ్ళూ పస్తే ఉంది, తిననియ్యి."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. హైమ మొగుణ్ణి కదా, నమ్మింది. "నీ చెయ్యి చల్లన" అని వెళ్ళిపోయింది.

జంట పగడం అధ్యక్షుడి ఇంట్లోనే పోతే అధ్యక్షుడు ఆ పదవిలో ఉండడు. ఇదీ బోర్డు నియమమే.

7,007వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు. నాది బాగుంది.

పోయింది. రెండోరోజుకి తెల్లబడింది, నాలుగోరోజుకి తోలు ఊడి నీళ్ళలో తేలింది. నూకరత్నం వచ్చి అరుగు మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. చేతులు ఇంకా ఉప్పునీళ్ళ కంపు కొడుతున్నాయి.

"నీ దీపం తప్పు కాదు మావయ్యా. నీది అంత బాగా ఉంది కదా. నేనే ఏదో చేశాను. మొన్న నీళ్ళు మార్చాను. ఉప్పు సరిగ్గా కలపలేదేమో."

"అయ్యుండొచ్చు" అన్నాను.

బోర్డు వాళ్ళకి దీపం ఎవరు కట్టారో చెప్పలేదట. తనే కట్టానని చెప్పింది. టంకం పట్టుకోవడం కూడా రాదు ఆమెకి. వాళ్ళూ అడగలేదు.

7,010వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు కొలవలేదు.

నిన్న గవర్రాజుని దింపేశారు. ఇవాళ వచ్చాడు. ముప్పై ఏళ్ళ తర్వాత మా గుమ్మం తొక్కాడు. కర్ర పట్టుకున్నాడు, కానీ నడకలో ఇంకా అధికారం ఉంది. సంచిలోంచి దీపం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏరా లచ్చన్నా. చుక్కకి తోక వదిలే అలవాటు పోలేదురా నీకు."

"కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. ఎంతలో పెట్టమన్నావు దానికి?"

నేను బల్ల మీది దినచర్య పక్కకి జరిపాను.

"అడిగితే చెప్పలేదు నా కూతురు. నిన్ను వెనకేసుకొస్తంది. పిచ్చిముండ." డిమ్మర్ మీద బొటనవేలు పెట్టాడు. "ఇది నూరు దగ్గరుంది. నీ తొట్టిది డెబ్బై దగ్గరుంది. నేను దొంగనే గానీ గుడ్డోణ్ణి కాను."

"ఒప్పుకున్నావన్నమాట, దొంగవని."

"ఎప్పుడు కాదన్నాను? నువ్వే ఎప్పుడూ అడగలేదు. ముప్పై ఏళ్ళు మూతి ముడుచుకు కూచున్నావు." కర్రతో నేల మీద కొట్టాడు. "ఆ పుస్తకాన్ని నువ్వు పెట్టెలో దాచుకునేవాడివిరా. ఇంకా సరిగ్గా తేలలేదు, ఇంకా చూడాలి అంటూ. సముద్రం ఉడుకుతుంటే నువ్వు ఇంకా చూడాలంటున్నావు. నేను ఎత్తుకుపోబట్టి మూడువందల ఇళ్ళల్లో పగడాలు బతికాయి. నీ పేరు రాయలేదు. అది నా తప్పే. నీచబుద్ధితోనే చేశాను."

ఈ మాట కోసం ముప్పై ఏళ్ళు ఎదురుచూశాను. చెవిన పడగానే మామూలు మాటలాగే ఉంది. దానికి సరిపోయేంత దెబ్బ తిరిగి కొట్టాలనిపించింది.

"మూడువందల ఇళ్ళల్లో ఇప్పుడెన్ని మిగిలాయి?"

"డెబ్బై."

"ఎందుకు పోయాయో తెలుసా? నీ దీపంలో ఊదా లేదు. నువ్వు ఎత్తుకుపోయాక తేలింది నాకు. రెండో పుస్తకంలో ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఉంది."

అప్పుడు కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"హైమకి తెలుసా?" అని అడిగాడు.

కర్ర ఊతంతో లేచి, దీపాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

7,015వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు.

ఉత్తర్వు వచ్చింది. జంట లేని ఒంటి పగడం డెబ్బై అయిదు దాటినవాళ్ళ ఇంట్లో ఉండకూడదు. నాలుగు రోజుల్లో బోర్డు కేంద్రానికి అప్పజెప్పాలి. ఇది నాకు తట్టలేదు. నియమాలు వరసగా చదువుతున్నవాణ్ణి, గవర్రాజుని దించే నియమం దొరకగానే చదవడం ఆపేశాను.

కేంద్రంలో ఉన్నవన్నీ గవర్రాజు దీపాలు. ఇది మొండి జాతి, పందొమ్మిదేళ్ళు లాగింది, నా ఊదా కింద మూడు నెలలు కడుపునిండా తింది. ఇప్పుడు మళ్ళీ పస్తు పెడితే ఏడాది కూడా నిలవదు.

కేంద్రానికి వెళ్ళాను. కొత్త అధికారి ముప్పై అయిదేళ్ళవాడు, పేరు సుదర్శన్. మర్యాదగానే కుర్చీ వేశాడు. రెండో నోటుబుక్కు తెరిచి లెక్కలన్నీ చూపించాను. ఊదా వరస గురించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఇది ఎప్పటి నుంచి తెలుసండీ మీకు?"

"ఇరవై ఆరేళ్ళు."

"మరి ఇన్నాళ్ళూ?"

దానికి నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను. వాడి మొహంలో మర్యాద మాత్రం అలాగే ఉంది.

"ఇంకో మాట తాతగారూ, ఏమీ అనుకోకండి. జంట ఇంట్లో పోయింది మీరు కట్టిన దీపం కిందే అని గవర్రాజుగారు రాసిచ్చారు. నూకరత్నంగారు కాదనలేదు. ఇప్పుడు అలాంటి దీపమే చివరి ముక్క మీద పెట్టమంటే నేనెలా పెట్టను?"

దీపం మంచిదే, చంపింది నేనే అని చెప్పాను. నోరు తెరిచి, పైకి వినబడేలా చెప్పాను. వాడు తలూపాడు. ఇంటి తొట్టి పోతుంటే ముసలివాళ్ళు ఏదో ఒకటి అంటుంటారని వాడికి అలవాటైనట్టుంది.

చివరికి ఒక్కటి ఒప్పుకున్నాడు. దీపాన్ని కూడా తొట్టితో పంపించవచ్చు. ఇళ్ళకున్న నిషేధం కేంద్రానికి లేదు, ఏది వెలిగించాలన్నది పెంచేవాళ్ళ ఇష్టం. కేంద్రంలో కొయ్యడం, అతికించడం వచ్చిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఈ పగడాన్ని ఆమెకే అప్పగిస్తున్నారు.

ఎవరని నేను అడగలేదు.

7,019వ రోజు

వేడి ఇరవయ్యారు. ఉప్పు ముప్పై అయిదు. మూడుసార్లు కొలిచాను.

పొద్దున్న నూకరత్నం తొట్టి కొలతలు తీసుకోవడానికి వచ్చింది. నాలుగింటికి బండితో మళ్ళీ వస్తుంది. నీళ్ళు ఎంత తీసెయ్యాలో, పగడం మీద తడిగుడ్డ ఎలా కప్పాలో అన్నీ తనే చెప్పింది. మావయ్యా అనలేదు. నేను డిమ్మర్ చూపించబోతే అడ్డొచ్చింది.

"ఎంతలో పెట్టాలి?"

"ఇరవై. కొత్త చోటికి మారుతోంది కదా, మళ్ళీ ఇరవైతోనే..."

"నూరు ఎందుకు పెట్టమన్నావో నాన్న చెప్పాడు." టేపు చుట్టి సంచిలో వేసుకుంది. "ఇరవై అంటున్నావు కాబట్టి నేను అది పెట్టను. నీ దీపం మూల పడేస్తాను. బోర్డు దీపం నాకు తెలిసిన దీపం. చంపినా మెల్లగా చంపుతుంది."

ఆమె వెళ్ళాక పుస్తకం తీశాను. చింపడానికే తీశాను, ఇక్కడ దాచేదేముంది. 7,003 ఉన్న కాగితం వేళ్ళతో పట్టుకున్నాను. హైమ వేయించిన కుట్టు. ఒక్క కాగితం లాగితే మొత్తం విడిపోతుంది. విడిపోయిన పుస్తకం చెల్లదు, చెల్లని పుస్తకాన్ని ఎవరూ చదవరు. ఊదా లెక్కా ఇందులోనే ఉంది, వారానికి అయిదు అన్నదీ ఇందులోనే ఉంది. వదిలేశాను.

పాత పేజీలు దిద్దకూడదు. అందుకే 2,931వ రోజుకి చేర్చవలసింది ఇక్కడ రాస్తున్నాను: ఆనాడు ఉప్పు సరిగ్గానే ఉంది. 7,007వ రోజుకి కూడా ఇదే. నూకరత్నం నీళ్ళలో ఏ పొరపాటూ లేదు.

నూకరత్నం, నిన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించినా క్షమించకపోయినా నీ చెయ్యి నిలవదు, ఆ చేత్తో డిమ్మర్ తిప్పాలి నువ్వు. నియమం ప్రకారం స్విచ్ ముట్టుకునే ముందు ఇదంతా చదవాలి. మీ అత్త చేతిరాత నాలుగు వేల రోజులు, తర్వాత నాది. 7,003వ రోజు దాటకుండా ఈ పేజీకి రాలేవు. అక్కడ పుస్తకం విసిరికొట్టి ఉంటే, ఆ రోజుతోనే ఈ పగడం పని అయిపోయింది.

కొట్టకుండా ఇక్కడిదాకా వచ్చి ఉంటే, మొదటి వారం ఇరవై. వారానికి అయిదు పెంచు. డెబ్బై దగ్గర ఆపు. ఊదా వరస ఎప్పుడూ ఆరనియ్యకు. మూడో నెలలో అంచు గోరంత పెరుగుతుంది. అప్పుడు రెండుగా కొయ్యి.

రెండో ముక్క ఎవరికైనా ఇవ్వు. నేనున్న ఈ ఇంటికి మాత్రం పంపకు.

బండి చప్పుడైంది.